గంధకం పురుగుకా, తెగులుకా? డబుల్ కొట్టమంటున్నరు, కొట్టాల్నా?

"అన్నా నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. బాపు ఎకరం తేజ మిర్చి పెట్టిండు, ఆగస్టుల నాటిన్రు. ఇప్పుడు ఆకు ముడత వచ్చింది, ఆకు కింద తెల్లగ బూడిద లెక్క కూడా ఉంది. షాపాయన గంధకం కిలో ప్యాకెట్ ఇచ్చి ఇది పురుగుకూ తెగులుకూ రెండిటికీ పనిచేస్తది అన్నడు. దాంట్ల కార్బెండజిమ్ మాంకోజెబ్ కలిసిన పొడి, ఫిప్రోనిల్, వేపనూనె, ఒక బయో డబ్బా, అన్నీ ఒక్కటే డ్రమ్ముల కలిపి కొట్టమంటే కొట్టినం. ఫిప్రోనిల్ ఇంతకుముందు కూడా మూడు సార్లు కొట్టినం. మూడో రోజుకు ఆకుల అంచులు మాడినయ్, బాయి దిక్కు సాళ్ళు మరీ ఎక్కువ. ముడత మాత్రం అట్లనే ఉంది. డోసు సరిపోలే, డబుల్ కొట్టుండ్రి అంటున్నడు షాపాయన. ఉద్దెర ఖాతా ఉంది కాబట్టి బాపు కాదనలేకపోతున్నడు. తమ్ముడికి కొట్టిన రోజు నుంచి కండ్లు మంట. నేను హన్మకొండల డిగ్రీ చదువుతున్న, ఫోటోలు పంపిస్తున్న, ఏం చెయ్యాల్నో చెప్పు అన్నా."

చెల్లె, ముందు జవాబు చెప్తా, కారణాలు తర్వాత. డబుల్ డోస్ వద్దు. సింగిల్ డోస్ కూడా వద్దు ఇప్పుడు. వారం దినాలు ఆ పంపును కొట్టంల నుంచి బయటకు తియ్యొద్దని బాపుకు చెప్పు. తమ్ముడి కండ్లు ఇన్ని రోజులైనా మండుతున్నయంటే ఇంట్ల చుక్కల మందులు వేసుకుంట కూసోవద్దు, కండ్ల డాక్టరుకు చూపియ్యుండ్రి, పొయ్యేటప్పుడు ఆ ప్యాకెట్లు డబ్బాలు అన్నీ ఒక కవర్ల పెట్టుకొని పోండ్రి, ఏం పడ్డదో డాక్టరుకు తెలిస్తెనే వైద్యం సక్కగ అయితది. ఇగ ముందుముందు కంట్ల మందు పడితే అక్కడికక్కడ చేన్లనే మంచి నీళ్ళతోని పదిహేను నిమిషాలు కడగాలె, ఇంటికి పోయి కడుగుదాం అనుకోవద్దు.

ఇప్పుడు గంధకం సంగతికొద్దాం. షాపాయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. గంధకం తెగులు మందే, పురుగు మందు కూడా అనొచ్చు, కానీ దాని చేతుల ఉన్నవి రెండే పనులు. ఒకటి బూడిద తెగులు, రెండోది నల్లి. మిర్చిల కింది ముడత తెచ్చే తెల్లనల్లి ఉంటది చూడు, దానిమీద పనిచేస్తది. నల్లి అసలు పురుగు జాతి కాదు, ఎనిమిది కాళ్ళది, సాలెపురుగు చుట్టం. అందుకే పురుగులకు కొట్టే మందులు చానా వరకు దానికి పట్టయ్, గంధకం పట్టుతది. అట్లనే నల్లిని సంపే గంధకానికి తామర పురుగు (త్రిప్స్ అంటరు, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) లొంగదు. "రెండిటికీ పనిచేస్తది" అన్నమాట మన చెవుల పడేసరికి "అన్నిటికీ పనిచేస్తది" అయిపోతది, తిప్పలంతా అక్కడ్నే మొదలైతది.

నువ్వు పంపిన రెండో ఫోటో పెద్దగ చేసి చూసిన. ఆకు అంచులు పైకి లేచి పడవ లెక్క ఉన్నయ్. మిర్చిల ముడత పైకి ఉంటే తామర పురుగు, కిందికి బోర్లించినట్టు ఉండి కాడ సాగి సన్నగ అయితే తెల్లనల్లి, ఈ ఒక్క తేడా తెలిస్తే సగం డబ్బాలు కొనే పనే ఉండదు. మీది పైముడత. అంటే తామర పురుగు. మూడో ఫోటోల ఆకు కింద తెల్లటి పొడి, పైన పసుపు మచ్చలు ఉన్నయ్, అది బూడిద తెగులే, అనుమానం లేదు, డిసెంబరు చలికి రాత్రి మంచు పడి పగలు పొడిగ ఉంటే అదెట్లనో వస్తది, ముదిరితే ఆకు మొత్తం రాలుతది. మీ తోటల రెండు వేరువేరు తిప్పలు ఒక్కసారే వచ్చినయ్. గంధకం బూడిద మీద పని చేసి ఉంటది, ముడత మీద చెయ్యలే. డోస్ తక్కువై కాదు, అది దాని పని కాదు కాబట్టి. డబుల్ కాదు పదింతలు కొట్టినా తామర పురుగు నవ్వుతది, చెట్టు సస్తది.

మరి మాడుడు ఎందుకైంది? నా లెక్కల ఇద్దరు దొంగలున్నరు.

మొదటిది వేపనూనె. గంధకం, నూనె ఒక్కదగ్గర పడొద్దు. ఏ నూనె అయినా సరే. నూనె ఆకు మీది మైనం పొరను మెత్తగ చేస్తది, గంధకం లోపలికి దిగుతది, ఆకు కాలుతది. ఒక్కటే డ్రమ్ముల కలపకుంటే సరిపోదు, ఒకటి కొట్టినంక ఇంకోటి కొట్టుటానికి కనీసం రెండు వారాల గ్యాప్ ఉండాలె. గంధకం లేబుల్ మీద ఈ ముచ్చట రాస్తరు, కానీ ఆ కాగితం చీమ తలకాయంత అక్షరాలతోని ఎనిమిది మడతలు పెట్టి ఉంటది, మన బాపుల కండ్లకు అది ఎక్కడ కనపడతది. నువ్వు చదువుకున్న బిడ్డవు, ఫోన్ల ఫోటో తీసి జూమ్ చేసి సదివి చెప్పు, నీ డిగ్రీకి ఇంతకంటే మంచి ఉపయోగం ఈ సీజన్ల ఇంకోటి దొరకదు.

రెండోది డ్రమ్ము. బాయి దిక్కు సాళ్ళే ఎక్కువ మాడినయ్ అని రాసినవ్ చూడు, అది చదివి నాకు బుర్రల లైట్ వెలిగింది. ఆ సాళ్ళు ఆఖరుకు కొట్టినవే కదా? ప్యాకెట్ మీద నీళ్ళల్ల కరిగే గంధకం అని ఉంటది కానీ అది కరగదు చెల్లె. ఉప్పు చక్కెర లెక్క కరిగేది కాదు, సన్నటి పొడి నీళ్ళల్ల తేలాడుతది అంతే. కలుపుడు ఆపితే పది పదిహేను నిమిషాలల్ల మెల్లగ అడుక్కు దిగుతది. కావాల్నంటే ఇంట్ల గాజు గ్లాసుల చిటికెడు వేసి కలిపి కిటికీల పెట్టి చూడు, పైన పలుచగ పాల నీళ్ళ లెక్క, అడుగున పసుపు పచ్చటి బురద. డ్రమ్ము ఒక్కసారి కర్రతోని తిప్పి పది పంపులు నింపితే మొదటి మూడు నాలుగు పంపులల్ల పలుచటి నీళ్ళు పోతయ్, ఆఖరు పంపుల చిక్కటి మందు పోతది. ఒక్కటే డ్రమ్ము, ఒక్కటే రోజు, కానీ రోడ్డు దిక్కు చెట్టుకు లీటరుకు గ్రాము పడ్డదేమో, బాయి దిక్కు చెట్టుకు పది పడ్డదేమో. ప్రతి పంపు నింపేముందు డ్రమ్ము అడుగు దాక కర్ర పెట్టి తిప్పాలె, పంపుల పోసినంక పంపును కూడా ఊపుకుంట నడవాలె.

డోస్ లెక్క కూడా చెప్త. నీళ్ళల్ల కరిగే గంధకం 80 శాతం పొడి మిర్చికి లీటరు నీళ్ళకు 3 గ్రాములు అని మన దగ్గర ఎప్పటి నుంచో చెప్పేది. 200 లీటర్ల డ్రమ్ముకు 600 గ్రాములు. మీరు కిలో ప్యాకెట్ మొత్తం పోసిన్రు, అంటే లీటరుకు 5 గ్రాములు. ప్యాకెట్ కిలోది ఉంది కాబట్టి కిలో పోసుడు మన అలవాటు, మిగిలింది ఏం చేసుకుంటం అని. దానికి తోడు ఎన్ని గంటలకు కొట్టిన్రో రాయలే, పొద్దు నెత్తిమీదికి వచ్చినంక కొట్టి ఉంటే ఇంకింత నష్టం. గంధకం ఎండల కొట్టేది కాదు. ఎండకాలంల అయితే 35 డిగ్రీలు దాటే రోజులల్ల దాన్ని ముట్టొద్దు, ఈ చలికాలంల పొద్దుగాల మంచు ఆరినంకనో సాయంత్రమో కొట్టుకోవచ్చు.

నేనేం శుద్ధపూసను కాదు ఇందుల. మా ఇంటెనుక బీరపాదు ఉండేది, ఆకుల మీద బూడిద కనపడితే మిర్చికి తెచ్చిన గంధకం మిగిలింది కదా అని అదే 3 గ్రాముల లెక్కన కొట్టిన. నాలుగో రోజుకు పాదు మొత్తం అప్పడం లెక్క అయ్యింది. మా అమ్మ పది దినాలు నాతోని మాట్లాడలే. బీర, దోస, సొర, కాకర జాతులల్ల చానా వాటికి గంధకం పడదు, అది నాకు అప్పుడు తెలువదు. మీ చేను గట్టుమీద దోసపాదులు గిట్ల ఉంటే చూసుకోండ్రి.

ఇంకో ప్రశ్న నేనే అడుగుత. అదే పంపుతోని పత్తిలనో గట్లమీదనో గడ్డిమందు కొట్టిన్రా? కొట్టి మంచిగ కడగకుంటే ఆ మరక చాలు మిర్చి ఆకు వంకర పోవుటానికి. గడ్డిమందుకు వేరే పంపు పెట్టుకోవాలె, ఈ ఒక్క విషయంల పీనాసితనం పనికిరాదు.

సరే, ఇప్పుడు ముడత. మన దిక్కు 2021 సీజన్ల నల్ల తామర పురుగు చేసిన ఆగం నీకు గుర్తుండే ఉంటది, నువ్వప్పుడు స్కూల్ల ఉన్నవేమో. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి, మానుకోట దిక్కు పచ్చటి తోటలు పీకేసి ట్రాక్టర్ తోని దున్నేసిన్రు. ఆ పురుగు మనది కాదు, ఆగ్నేయాసియా దిక్కుది, మన దేశంల 2015ల బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదలు దొరికింది, తర్వాత మిర్చి రుచి మరిగింది. పాత తామర పురుగు ఆకులల్ల ఉంటే ఇది పువ్వులల్ల దాక్కుంటది. అందుకే పైపైన పొగమంచు లెక్క కొడితే దానికి తగలదు.

పొద్దుగాల ఆరేడు గంటలకు తోటకు పో. ఒక తెల్ల కాగితం, నోట్‌బుక్కుల చింపినా సరే, పువ్వు కింద పట్టి వేలుతోని రెండు దెబ్బలు కొట్టు. నల్లగ, నువ్వుగింజల సగం కూడా ఉండయ్, సన్నగ పొడుగ్గ ఉండి చకచక పాకుతయ్. తోటల నాలుగు మూలలు, నడుమ, మొత్తం ఇరవై చెట్ల మీద చూడు, పువ్వుకు ఎన్ని ఉన్నయో రాసుకో. ఒక్కటి రెండు ఉంటే ఒక లెక్క, పదీ పదిహేను ఉంటే ఇంకో లెక్క. ఏమీ లేకుంటే, ముడత పాతదే ఉండి కొత్త చిగురు సక్కగ వస్తుంటే, అసలు మందే అవసరం లేదు. ముడుచుకున్న ఆకు మళ్ళ విచ్చుకోదు చెల్లె, పురుగు సచ్చినా ఆ ఆకు అట్లనే ఉంటది. మనోళ్ళు పాత ఆకు చూసి మందు పనిచేయలే అనుకొని ఇంకోటి కొడతరు, అది చూసి ఇంకోటి. చూడాల్సింది చిగురును.

పురుగు ఉందనుకో, మళ్ళ ఫిప్రోనిల్ వద్దు. మూడు సార్లు ముందు, ఇప్పుడు నాలుగోసారి, ఒక్కటే మందు వరుసగ కొడితే దానికి సావనివే మిగులుతయ్, వాటి పిల్లలతోని తోట నిండుతది. మందు మార్చాలంటే డబ్బా పేరు మారితే సరిపోదు, లోపలి మందు మారాలె. స్పినెటోరామ్, సయాంట్రానిలిప్రోల్ అసొంటివి తామర పురుగుకు వేరే తీరుగ పనిచేసేటియి, వాటిల ఏదన్నా ఒకటి, లేబుల్ మీద మిర్చికి రాసిన డోస్‌ల, నేను చెప్పిన వారం దాటినంక, ఒక్కదాన్నే కొట్టుకోండ్రి, పువ్వు తడిసేటట్టు. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్ మందులు అగ్గువకు వస్తున్నయని తేవద్దు, వాటితోని మిత్ర పురుగులు ముందు పోతయ్, తర్వాత తామర పురుగు, నల్లి రెండూ రెచ్చిపోతయ్. ఎకరానికి పాతిక ముప్పై నీలం రంగు జిగురు అట్టలు కట్టండ్రి, తామర పురుగుకు నీలం, తెల్లదోమకు పసుపు. ఇంకోటి, యూరియా ఎక్కువ వేస్తున్నరేమో చూడు, ఆకు నల్లగ నిగనిగ ఉంటే బాపుకు సంబురమే కానీ పురుగుకు ఇంకా సంబురం.

బూడిదకు ఇప్పుడు ఏం కొట్టొద్దు. కొట్టిన గంధకం ఇంకా ఆకుమీద ఉంది. వారం తర్వాత ఆకు కింద పొడి ఎండి రాలిపోతే సరే, మళ్ళ కొత్త ఆకులకు పాకుతుంటే హెక్సాకొనజోల్ లీటరుకు 2 మిల్లీలీటర్లు లేకుంటే అజాక్సీస్ట్రోబిన్ 1 మిల్లీలీటరు, రెండిట్ల ఒకటే. వేపనూనె రెండు వారాల దాక ఇంట్లనే ఉండనియ్యి. ఈ వారం పలుచగ ఒక తడి పెట్టండ్రి, చెట్టు కోలుకుంటది. అంచులు మాత్రమే మాడినయ్, ఫోటోల చిగురు పచ్చగనే ఉంది, తోట పోలే, భయపడొద్దు.

కార్బెండజిమ్ మాంకోజెబ్ పొడి సంగతి. ప్యాకెట్ మీద రెండు పేర్లు ఉంటే ఒకటి పురుగుకు ఒకటి తెగులుకు అని చానామంది అనుకుంటరు, మా మేనమామ ఇప్పటికీ అట్లనే అనుకుంటడు. ఆ రెండూ తెగులు మందులే, 12 శాతం ఒకటి, 63 శాతం ఒకటి. కాయకుళ్ళు, ఆకుమచ్చ ఉంటే పనికొస్తది. మీ తోటల ఆ రోజు అవి ఉన్నయా అని చేన్లకొచ్చి చూసినోళ్ళే లేరు, గుడ్డెద్దు చేన్ల పడ్డట్టు కొట్టిచ్చిండు.

కలిపే అవసరం నిజంగ వస్తే, ఒక తెగులు మందు ఒక పురుగు మందు, అంతకు మించొద్దు. ముందు ఒక ప్లాస్టిక్ సీసాల అదే బాయి నీళ్ళు పోసి అదే లెక్కల రెండూ వేసి కలిపి అరగంట పక్కన పెట్టు. పెరుగు విరిగినట్టు అయినా, సీసా వేడెక్కినా, పైన నూనె తెట్టె కట్టినా ఆ రెండిటికి పడదు. డ్రమ్ముల పోసేటప్పుడు పొడి మందు ముందు, దాన్ని బకెట్ల కొన్ని నీళ్ళతోని దోశపిండి లెక్క కలిపి పోయాలె, తర్వాత చిక్కటి ద్రవం, తర్వాత నీళ్ళల్ల పోస్తే పాల లెక్క తెల్లగ అయ్యే మందు. చేత్తోని కలుపుడు బందు పెట్టమను, కర్ర ఉంది కదా. గాలికి ఎదురు నడుసుకుంట కొట్టొద్దు, తమ్ముడికి కండ్లద్దాలు, చేతులకు గ్లౌజులు కొనియ్యుండ్రి, ఆ డబ్బా మందుల ఒక్కదానంత ధర కాదు అవి. ఎర్రకాయ తెంపే ముందు ఎన్ని రోజులు ఆగాల్నో కూడా లేబుల్ మీద ఉంటది, అది దాటకుంట తెంపితే మందు కాయల్నే ఉంటది.

ఆ బయో డబ్బా మీద లోపల ఏముందో, ఎంత శాతమో, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, ఆఖరు తేదీ ఉన్నయా చూడు. పురుగుమందుకు ఇవన్నీ చట్టం ప్రకారం ఉండాలె, ముక్కోణం రంగు కూడా ఉండాలె, ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇవేవీ లేకుండ ఆకుల బొమ్మ, నవ్వే రైతు బొమ్మ మాత్రమే ఉంటే ఇంక దాన్ని తోటకు తేవద్దు. నల్ల తామర వచ్చిన యేడు ఇసొంటి డబ్బాలు కూడా అమ్ముడుపోయినయ్.

ఇగ ఉద్దెర. అన్నిటికంటే కష్టమైన ముచ్చట ఇదే, మందుల సంగతి అల్కగ చెప్పిన కానీ దీనికి నా దగ్గర డబ్బా లేదు. విత్తనం నుంచి ఆఖరు మందు దాక ఒక్క షాపులనే రాసుకుంటే, ఎనుమాముల మార్కెట్ల కాయ అమ్మినంక కట్టేదాక బాపు నోరు ఆయన చేతుల ఉంటది. నేను ఇచ్చే సలహా ఇంతే. బాపు షాపుకు పోయి "ఏమన్నా మందు ఇయ్యి" అనొద్దు. రైతు వేదికల ఏఈఓకో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉద్యాన శాఖ ఆఫీసర్‌కో ఆకు, పువ్వు చూపిచ్చి, మందు పేరు చీటీ మీద రాయించుకొని పోవాలె. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం కూడా మీకు మరీ దూరమేం కాదు, పొయ్యేది పడకుంటే 1800 180 1551కు ఫోన్ చేస్తే తెలుగులనే చెప్తరు. "సార్ ఇదే రాసిండు, ఇదే కావాలె" అంటే ఉద్దెర పోదు, కొట్లాట ఉండదు, ఐదు డబ్బాల కాడ ఒకటి వస్తది. దానికి బిల్లు అడగాలె, ఉద్దెర అయినా బిల్లు ఇయ్యాల్సిందే, రేపు తోట మాడితే ఆ కాగితమే సాక్ష్యం. ఇప్పటి డబ్బాలు కూడా పారేయకుండ్రి, వాటిల తాగే నీళ్ళు మాత్రం పొయ్యొద్దు.

ఆదివారం ఇంటికి పోతున్నవ్ కదా, తెల్ల కాగితం మర్చిపోకు. ఇరవై చెట్ల లెక్క, పక్కన కొత్త చిగురు ఫోటో ఒకటి, పంపు కడిగిన్రా లేదా, ఈ మూడూ రాసి పంపు. తమ్ముడి కండ్లు ఎట్లున్నయో అది ముందు రాయి.